పక్క సీటు బ్రేకు

బ్రేకు మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు, భయం. అది అందరికీ ఉన్నట్టు గుండెల్లో ఉండేది కాదు, కుడికాల్లో ఉండేది. ఏ కాస్త అదురుపాటు కలిగినా ఆ కాలు దానంతటదే ముందుకు చాచుకుని, అక్కడ లేని బ్రేకును నేలకంటా తొక్కేసేది.

ఇందులో ఆయన తప్పు పెద్దగా లేదు. ఆయన డ్రైవింగు స్కూలు నడిపే మనిషి. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన వైపు అమర్చిన రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని, ఎదురుగా వచ్చే లారీలను చూస్తూ జీవితం గడిపినవాడు. కాకపోతే ఆయన కారు దిగినా కాలు మాత్రం దిగేది కాదు. మంగలి కత్తి మెడ దగ్గరికొస్తే బ్రేకు. భార్య పొంగుతున్న పాలగిన్నె దించబోతే బ్రేకు. పక్కింటాయన ఫోనులో గబగబా మాట్లాడినా బ్రేకే. ఒకసారి సినిమా హాల్లో తెరమీద రైలు ఎదురొచ్చిందని ఎంత గట్టిగా తొక్కాడంటే, ముందు కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి మిగతా సినిమా అంతా నిలబడే చూశాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఒక్కరు కూడా ప్రమాదంలో పడలేదు. పడేంత వేగం వాళ్లలో ఎవరికీ రాలేదు. బండికి మూడో గేరు కూడా ఉంటుందన్న సంగతి వాళ్లకు చాలా ఆలస్యంగా, పరాయివాళ్ల నోట తెలిసేది.

మాస్టారిని చూసి అందరికంటే ఎక్కువగా నవ్వేవాడు ఆయన బావమరిది. ఇంటి వెనక రేకుల షెడ్డులో బళ్లు బాగుచేసే మెకానిక్ అతను. "మా బావ లిఫ్టు ఎక్కితే అద్దంలో తనను చూసుకుని, ఈయన ఎందుకింత భయపడుతున్నాడు, ఏమైందో ఏమో అని మరింత భయపడతాడు" అని షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. అంతగా నవ్వడానికి కారణం ఉంది. ఆ వీధిలో మాస్టారి కంటే ఎక్కువ భయపడేవాడు ఒక్కడే. అది మెకానికే. ఆ సంగతి ఎవరికీ తెలియదని అతని ధీమా.

ఒకప్పుడు మెకానిక్ అంటే ధైర్యానికి మారుపేరు. మామూలు బళ్లు ఎక్కలేని కొండదారిలో, నాలుగు చక్రాలకూ బలం అందే ఎత్తయిన పాత ట్రక్కులో, కొండమీది ఊరికి సరుకులూ మనుషులనూ చేరవేసేవాడు. ఒక వానాకాలం, దారికి అడ్డంగా పారే వాగు దాటి పెద్ద మలుపు ఎక్కుతుండగా పెట్రోలు ఇంజను తడిసి ఆగిపోయింది. బ్రేకులూ తడిసే ఉన్నాయి. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక ఉన్నవాళ్లు కేకలు వేస్తూ దూకేశారు. చక్రం లోయ అంచు దాటబోతుండగా ఒక బండరాయి అడ్డుపడింది. ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగల్లేదు. కానీ చక్రాల కింద గులకరాళ్లు దొర్లిన ఆ చప్పుడు మాత్రం మెకానిక్ చెవుల్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు స్టీరింగు పట్టుకున్నా అరచేతులు చెమటపట్టి జారిపోయేవి.

"మోకాలు నొప్పి, నడపలేను" అని అందరికీ చెప్పాడు. ట్రక్కును షెడ్డు వెనక పడేశాడు. బాగుచేసిన బళ్లను తాను నడిపి చూడకుండా, "మీ బండి, మీరే నడపండి. తేడా ఉంటే ముందు తెలిసేది మీకే" అని తాళాలు చేతిలో పెట్టేవాడు. ఎంత మర్యాద తెలిసిన మెకానికో అని జనం మెచ్చుకునేవారు. కొండమీది వాళ్లు మాత్రం మూటలు నెత్తిన పెట్టుకుని దిగడం, పెట్టుకునే ఎక్కడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున మాస్టారు షెడ్డు వెనక్కి వచ్చి, మొక్కల్లో కూరుకుపోయిన ట్రక్కుకు చాలా దూరంలో నిలబడ్డాడు.

"ఏమోయ్ మెకానిక్, దీని దగ్గరికి వెళ్లొచ్చా?"

"బండి బావా అది. కరవదు."

"లోపల ఉన్నవి కరవొచ్చుగా." ఒక అడుగు ముందుకు వేసి రెండడుగులు వెనక్కి వచ్చాడు. "దీన్ని బాగుచేద్దామోయ్. స్కూల్లో కొండదారి డ్రైవింగు కూడా నేర్పాలనుకుంటున్నా."

మెకానిక్ చేతిలోని పానా కాలిమీద పడింది. నొప్పి తెలియలేదు. "నువ్వా బావా? కొండమీదా?"

వంటింటి కిటికీలోంచి అక్క అందుకుంది. "ఏమండీ, నిన్న డాబా మెట్లు దిగడానికి నా భుజం పట్టుకున్నది మీరేనా?"

"అందుకేనే నేర్చుకోవాలంటున్నా" అన్నాడు మాస్టారు గంభీరంగా.

నవ్వి ఊరుకుందామనుకున్నాడు మెకానిక్. మాస్టారు ఊరుకోలేదు. రోజూ వచ్చి, దూరంగా స్టూలు వేసుకుని కూర్చుని, "మొదలెట్టావా?" అని అడిగేవాడు. చివరికి విసుగుపుట్టి మెకానిక్ మొదలుపెట్టాడు. మొక్కలు పీకి, చట్రం తుప్పు గీకి, కుళ్లిన నేలరేకులు కోసి కొత్తవి అతికించాడు. ఎలుకలు కొరికిన వైర్లన్నీ మార్చాడు. చేస్తున్నంతసేపూ అతని చేతులకు ఏ భయమూ లేదు. "నడిపేది బావ కదా, నాకేం" అనుకునేవాడు. బావ నడపడమనేది ఎలాగూ జరగదు కాబట్టి నిశ్చింతగా ఉండేవాడు.

పాత ఇంజను బిగుసుకుపోయి ఎందుకూ పనికిరాకుండా ఉంది. "మళ్లీ పెట్రోలుదే వేస్తే, మళ్లీ తడిస్తే?" అన్నాడు మాస్టారు, కాలు చాస్తూ. నిప్పురవ్వతో పనిలేని డీజిలు ఇంజనే మంచిదని ఇద్దరూ ఒప్పుకుని, ఊరి చివర పాత ఇనుము కొట్టుకు వెళ్లారు.

కొట్టు యజమాని మొదట పెద్ద లారీ ఇంజను చూపించాడు. "ఏనుగు బలం సార్ దీనిది!"

మాస్టారి కాలు టక్కున నేలను తాకింది. "ఏనుగును తెచ్చి మేక మీద కూర్చోబెడితే మేక ఏమవుతుందోయ్?"

"ముందు స్ప్రింగులు అణిగిపోతాయి. ఆ బలానికి మన పాత ఇరుసులు మెలిపడి విరుగుతాయి" అన్నాడు మెకానిక్. "వద్దులే."

రెండోది కొత్త రకం కారు ఇంజను. పక్కనే అరచేయంత పెట్టె, దాన్నిండా వైర్లు. "మొత్తం కంప్యూటరే నడుపుతుంది సార్."

"దానికి తడి తగిలితే?"

"ఆగిపోతుంది" అన్నాడు మెకానిక్.

"కొండమీద ఎవరు బాగుచేస్తారు?"

"ఎవరూ చెయ్యరు."

మూడోది జనరేటరులోంచి తీసింది. ఒకే వేగంతో తిరుగుతుంది, ఎంత చేసినా అంతకు మించదు అని యజమాని కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. మాస్టారి మొహం మొదటిసారి వెలిగింది.

"ఇది బాగుందోయ్! ఇదే తీసుకుందాం!"

"బావా, అది ఒకచోట కూర్చుని తిరిగేది. రోడ్డుమీద తిరిగేది కాదు."

"అదే నాకు నచ్చింది" అన్నాడు మాస్టారు. ఆయన్ని దాని ముందు నుంచి కదిలించడానికి ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకోవలసి వచ్చింది.

చిట్టచివర, టైర్ల గుట్ట వెనక, పాత వ్యానులోంచి తీసిన నాలుగు సిలిండర్ల ఇంజను కనిపించింది. మెకానిక్ దాని మూత తీసి వాసన చూశాడు, నూనె వేళ్లమధ్య రుద్ది చూశాడు, చేత్తో తిప్పి చూశాడు. అతని కళ్లు మెరిశాయి. డబ్బాలో డీజిలు పోసి, బ్యాటరీ తగిలించి, నేలమీదే స్టార్టు చేయించాడు. మాస్టారు వెంటనే స్తంభం చాటుకు వెళ్లి అక్కడినుంచి తల మాత్రం బయటపెట్టాడు.

"మధ్యదారిలో బ్యాటరీ పోతే?"

"పోనీ! ఇదిగో, పీకేస్తున్నా చూడు." వైరు పీకేశాడు. ఇంజను డుగుడుగుమంటూనే ఉంది. "ఒకసారి అంటుకున్నాక దీనికి కరెంటుతో పనిలేదు బావా. గాలీ డీజిలూ ఉంటే చాలు."

"లోపలి బెల్టు తెగితే?"

"బెల్టే లేదు. పళ్లచక్రాలు."

"డీజిలు గొట్టంలో గాలి చేరితే?"

"చేతిపంపు ఉంది. నొక్కి గాలి తీసేయొచ్చు."

"వాగులో నీళ్లు మింగితే?"

"గాలి గొట్టాన్ని బండి కప్పు దాకా పైకి తీసుకుపోదాం. ఎలా మింగుతుంది?" మెకానిక్ గొంతు లేచింది. ఒక్కో ప్రశ్నకూ జవాబు చెబుతున్నకొద్దీ ఆ ఇంజను తన సొంత తమ్ముడన్నట్టు రోషం వస్తోంది. "నీకెందుకు బావా అంత భయం? ఇది ఆగదు!"

"ఎత్తులో ఆగిందే అనుకో. వెనక్కి జారితే?"

మెకానిక్ చెవుల్లో గులకరాళ్లు దొర్లాయి. మెల్లగా అన్నాడు. "ఆగినా... గేరులో ఉంటే జారదు. ఇంజనే చక్రాలను బిగించి పట్టుకుంటుంది. అప్పుడు నేను కంగారులో క్లచ్చు తొక్కేశాను గానీ, లేకపోతే..."

అనేసి నాలుక కరుచుకున్నాడు. మాస్టారు విననట్టు యజమాని వైపు తిరిగి, "ఈ స్తంభం గట్టిదేనా?" అని అడిగాడు.

ఇంజను షెడ్డుకు చేరింది. దాన్నీ పాత గేరు పెట్టెనూ కలపడానికి మధ్యలో మందపాటి ఇనుప పలక చేయించాల్సి వచ్చింది. బిగించి చూస్తే ఇంజను అడుగు ముందు ఇరుసుకు తగిలింది. పైకి లేపితే బానెట్టు మూతపడలేదు. లేపడం, దించడం, కొలవడం, తిట్టుకోవడం చాలాకాలం సాగింది. మాస్టారు స్టూలుమీంచి ఒక్కో బోల్టునూ చూపించి "అది ఊడితే?" అనేవాడు. ఆయన నోరు మూయించడానికి మెకానిక్ ప్రతి బోల్టుకూ రెండేసి నట్లు వేశాడు.

"నా వైపు కూడా బ్రేకు పెట్టు" అన్నాడు మాస్టారు చివర్లో.

"స్కూలు కారుకు ఉన్నట్టా?"

"అది లేకుండా నేను బండెక్కి ఎరుగుదునా?"

పక్క సీటు ముందు కూడా పెడలు వెల్డు చేసి, నేల కింద ఒక కడ్డీతో అసలు బ్రేకుకు కలిపి, మేకులాంటి పిన్నుతో బిగించాడు మెకానిక్. బండి ఇంకా దిమ్మెల మీద ఉండగానే మాస్టారు దాని మీద కాలు పెట్టుకుని కూర్చుని, హాయిగా కునుకు తీశాడు.

ప్రయాణం రోజు వచ్చింది. మాస్టారు ట్రక్కు చుట్టూ తిరిగి, పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"బావా, డ్రైవరు సీటు అటు."

"ఆ వైపు కూర్చుని ఎన్నేళ్లయిందో! అక్కడ కూర్చుంటే నాకు దారి తిరగబడి కనిపిస్తుంది. నువ్వు పోనియ్యి."

"నా మోకాలు..."

"నాకు ఒక్కడికే భయంగా ఉందోయ్" అన్నాడు మాస్టారు. పెదవులు నిజంగానే వణుకుతున్నాయి.

"వెళ్లరా తమ్ముడూ" అంది అక్క. "ఆయన్ని ఒక్కణ్ణే పంపితే ఈ గేటు దాటేసరికి నాకు తెల్లజుట్టు వస్తుంది."

ధైర్యవంతుడిగా పేరు పడ్డ మనిషికి తప్పించుకునే దారి లేకపోయింది. ఎక్కాడు. స్టీరింగు పట్టుకోగానే అరచేతులు తడిసిపోయాయి.

"మెల్లగా! మెల్లగా!" అని అరిచాడు మాస్టారు.

"ఇంకా స్టార్టు చెయ్యలేదు బావా!"

దారి పొడుగునా మాస్టారు భయపడుతూనే ఉన్నాడు. మేకను చూసి, సైకిలును చూసి, దూరంగా రెపరెపలాడుతున్న గుడ్డను చూసి. ఆయనకు ధైర్యం చెప్పడంలోనే మెకానిక్‌కు ఊపిరి సరిపోయింది, సొంతంగా భయపడడానికి తీరిక దొరకలేదు. కానీ వాగు దగ్గరికి వచ్చేసరికి మాస్టారు ఎందుకో నోరు మూసుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో మెకానిక్ భయం నిద్రలేచింది.

నీళ్లు ఇరుసుల దాకా వచ్చాయి. ఇంజను డుగుడుగుమంటూ దాటేసింది. ఎదురుగా పెద్ద మలుపు. పక్కన ఆ బండరాయి, దానిమీద ఇంకా చెరగని పాత రంగు గీత. దాన్ని చూస్తూ మెకానిక్ గేరు తగ్గించడం మరిచిపోయాడు. కంగారులో పై గేరులోనే ఎత్తెక్కించాడు. ఇంజను మూలిగింది, దగ్గింది, ఆగిపోయింది.

ఎక్కడో ఒక గులకరాయి దొర్లి లోయలో పడింది. మెకానిక్ ఎడమకాలు క్లచ్చు మీదికి వెళ్లింది, దానిపైన గాల్లో నిలబడింది.

"మెకానిక్" అన్నాడు మాస్టారు కళ్లు మూసుకునే, పిల్లిపిల్ల గొంతుతో. "మనం జారుతున్నామా?"

మెకానిక్ కిటికీలోంచి రాయిని చూశాడు. రాయి ఎక్కడిదక్కడే ఉంది. "లేదు."

"ఎందుకు జారడంలేదు?"

"గేరులో ఉంది. ఇంజను పట్టుకుంది."

"ఇప్పుడేం చెయ్యాలోయ్? నాకేం తోచడంలేదు. నువ్వు చెప్పు. ఒక్కొక్కటీ చెప్పు."

"ముందు... ముందు కాలిబ్రేకు నొక్కాలి."

"నొక్కావా?"

"నొక్కాను. చేతిబ్రేకు లాగాలి. లాగాను. ఇప్పుడు క్లచ్చు."

"అమ్మో, క్లచ్చా! జారదూ?"

"రెండు బ్రేకులూ పట్టుకున్నాయిగా బావా, ఎలా జారుతుంది?" అంటూ తొక్కాడు. జారలేదు. "వేగం తగ్గించి బలం పెంచే పొట్టి గేరు వేస్తున్నా. మొదటి గేరు. ఇదిగో, స్టార్టు." ఇంజను అందుకుంది. "క్లచ్చు కొంచెం వదిలి, బండి ముక్కు పైకి లేచినప్పుడు బ్రేకు..."

రెండు బ్రేకులూ వదిలాడు. ట్రక్కు ముసలి ఎద్దులా ఒక్కసారి ఊగి, ఒక్కో రాయినీ తొక్కుకుంటూ పైకి పాకింది. మాస్టారి కుడికాలు తన పెడలును నేలకంటా అదిమిపట్టి ఉంది.

"బావా, కాలు తియ్యి! బ్రేకు పట్టేస్తుంది!" అరిచాడు మెకానిక్. కాలు రాలేదు. అయినా బండి ఆగలేదు. రాయి వెనక్కి పోయింది, మలుపు వెనక్కి పోయింది. కొండమీది ఊళ్లో మొదటి ఇల్లు వచ్చాక గాని ఆ సంగతేమిటో ఆలోచించే తెలివి మెకానిక్‌కు రాలేదు.

దిగి బండి కిందకి దూరి చూశాడు. పక్క సీటు పెడలు కడ్డీ ఊరికే వేలాడుతోంది. పిన్ను లేదు.

"బావా! ఇది ఊడిపోయిందే! నీ బ్రేకు పనిచెయ్యకుండానే వచ్చామా?"

మాస్టారు చొక్కా జేబులోంచి పిన్ను తీసి చూపించాడు. "ఊడలేదోయ్. పొద్దున నేనే తీశాను. నా కాలు సంగతి నాకు తెలీదూ? ఎక్కేటప్పుడు అది తొక్కేస్తే బండి నిలిచిపోతుంది. నీ వల్ల కాలేదనుకుని నువ్వు మళ్లీ ఈ దారి మొహం చూడవు. ఆ భయంతో తీసేశాను."

మెకానిక్ మట్టిలో అలాగే కూర్చుండిపోయాడు. ఎత్తులో ఆగిన బండిని ఎలా కదిలించాలో తనను అడిగిన మనిషి, రోజూ పొద్దున్నే స్కూల్లో అందరికీ నేర్పే పాఠం అదేనని అప్పుడు గుర్తొచ్చింది.

"నా మోకాలు సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు ఒకరోజు కుడికాలు కుంటుతావు, ఒకరోజు ఎడమకాలు కుంటుతావు. అయినా, భయపడేవాణ్ణి గుర్తుపట్టడం నాకు కష్టమా? పొద్దున లేస్తే నేను చేసే పని అదేగా."

"మరి దారంతా నువ్వు భయపడింది నాటకమా?"

"నాటకమా!" మాస్టారు కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్క ముక్క కూడా నాటకం కాదోయ్. బ్రేకు లేని బండిలో కొండెక్కాను. నా మోకాళ్లు చూడు!" చూశాడు మెకానిక్. రెండూ టకటకా కొట్టుకుంటున్నాయి. అతనికి నవ్వొచ్చింది. చాలాకాలానికి వచ్చిన నవ్వు, ఎవర్నీ ఎగతాళి చెయ్యనిది.

ఇంజను చప్పుడు విని ఊళ్లోవాళ్లు ఇళ్లలోంచి బయటికి వచ్చారు. ఒక ముసలావిడ బానెట్టు మీద చెయ్యి వేసి, వెచ్చగా ఉందని నిర్ధారణ చేసుకుని, "రేపు దిగుతుందా నాయనా?" అని అడిగింది.

"దిగుతుంది అవ్వా. ఎల్లుండి ఎక్కుతుంది కూడా" అన్నాడు మెకానిక్.

మర్నాడు తిరుగు ప్రయాణంలో మాస్టారు ఎక్కనన్నాడు. ఎక్కడం వేరు, దిగడం వేరు, దిగేటప్పుడు లోయ ఎదురుగా కనిపిస్తుంది అన్నాడు. ట్రక్కుకు ముందు నడుస్తూ, ఎదురుగా ఎవరూ రాని దారిలో చెయ్యెత్తి అందర్నీ ఆపుతూ, మలుపు మలుపుకూ వెనక్కి తిరిగి "రా, రా, రానియ్యి" అంటూ దిగసాగాడు. ఆయన వెనకే మొదటి గేరులో, ఒక్కసారి కూడా హారను కొట్టకుండా, మెకానిక్ బండిని నడిపించుకుంటూ వచ్చాడు. అతని అరచేతులు పొడిగా ఉన్నాయి.

వాగు దాటాక మాస్టారు నడక మందగించింది. కాసేపటికి దారి పక్కన చెట్టు నీడలో నిలబడి, ప్రయాణికుడిలా చెయ్యి చాచాడు. మెకానిక్ బండి ఆపి, తల బయటపెట్టాడు.

"ఎక్కడిదాకా సార్?"

"ఇంటిదాకా" అన్నాడు మాస్టారు రొప్పుతూ. "చోటుందా?"